ఈనె ఎండేదాకా

రాత్రి రెండింటికి మా మామ లేచి
గోడకు అరచెయ్యి ఆనిస్తాడు.
"నూట పది కూడా లేదు. ఎవురా పొయ్యి కాడ?"
నేనే, అంటాను.
"కట్టె ఎగదొయ్యి. ఆకు పచ్చగానే ఉండిపోద్ది."

కొండపి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు
ఊరివాళ్ల బ్యారన్లకు నిప్పు కాసిన మనిషి.
వేడి ఎంతో గాజుగొట్టంలో చూసేవాడు కాదంట,
తలుపు సందులో చెయ్యి పెట్టి చెప్పేవాడంట.
ఆఖరి బ్యారన్ కూలిన చోట సెల్ టవర్ లేచింది.
ఆయన తలలో పొయ్యి మాత్రం ఆరలేదు.

పెళ్లయిన కొత్తలో
ఈయన వాకిట్లోకి వస్తే మంచం మీంచి లేచి నిలబడేదాన్ని.
మాలకొండయ్య అనే పేరు
నా నోటితో ఏనాడూ పలకలేదు.
ఇప్పుడు తడిసిన పంచె విప్పుతూ
మొహం పక్కకు తిప్పుకుంటాను.
ఆయనా తిప్పుకుంటాడు.
అన్నీ మరిచినవాడు అదొక్కటి మరవలేదు.
మా మధ్య బకెట్లో వేన్నీళ్లు చల్లారిపోతుంటాయి.

మా ఆయన చీమకుర్తి రాళ్ల లారీ మీద
కృష్ణపట్నం పోర్టు కాడ వరసలో ఉంటాడు.
"నాయన తిన్నాడా?"
తిన్నాడు.
తర్వాత ఇద్దరం ఏమీ అనం,
ఫోన్లో లారీలు హారన్లు కొట్టుకుంటాయి.
ఆడబిడ్డ ఒంగోలు నుంచి వీడియోలో
బాదంపప్పు నానబెట్టి పెట్టమంటుంది,
"నీకేం వదినా, ఇంటిపట్టునే ఉంటావు గదా."
ఇంటిపట్టునే. నిజమే.
గ్రేడింగుకు పోక రెండు సీజన్లు.
నా వేళ్లకు పొగాకు బంక పోయి
డెట్టాల్ పట్టింది.

ఇది ఎవరికీ చెప్పలేదు:
మార్చిలో ఒక రాత్రి, నాలుగోసారి లేపినప్పుడు,
మణికట్టు పట్టి మంచం మీద కుదేశాను.
తెల్లారి చూస్తే అక్కడ నా వేళ్లు నాలుగు, కమిలి.
"ఏందిది?" అని నన్నే అడిగాడు.
బ్యారన్ గొట్టం తగిలింది మామా, అన్నాను.
"జాగర్తగా ఉండాల" అన్నాడు, నాతో.

దస్తగిరి వచ్చింది ఆ వారమే.
ఎవరూ పంపలా. పింఛను కాడ మా మామ కనపడలేదని వచ్చాడు.
ఒకప్పుడు పక్క పొయ్యి ఆయనది.
మంచాన్ని చూశాడు, బకెట్‌ని చూశాడు, నన్ను చూశాడు.
"నీళ్లు నేను పోస్తా. నువ్వు కాసేపు అవతలికి పోమ్మా."
ఎక్కడికి పోవాలో తెలీక
వీధి చివర పంపు దాకా పోయి కాళ్లు కడుక్కుని వచ్చాను.
లోపల ఇద్దరు ముసలాళ్లు నవ్వుతున్నారు,
సబ్బు జారిందని.

ఇప్పుడు శుక్రవారం రాత్రులు ఆయనవి.
నమాజు చదువుకుని, బీడీకట్టా ఫ్లాస్కూ తెచ్చుకుని
నిప్పు లేని గోడ ముందు మామ పక్కన కూచుంటాడు.
"ఎంతుంది?"
"నూట నలభై."
"ఎక్కనీ. ఈనె ఎండాల."
రోజూ నేను చెప్పే అబద్ధమే.
ఆయన నోట అది అబద్ధంలా లేదు.

మొదటి శుక్రవారం నాకు నిద్ర పట్టలేదు.
రెండో శుక్రవారం ఏడ్చాను, ఎందుకో అడగొద్దు.
మూడోది గుర్తులేదు.
పాలాయన బెల్లు కొడితే లేచాను,
చెంప మీద చాప అచ్చుతో.

వాకిట్లో ఇద్దరూ టీ తాగుతున్నారు.
మామ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసి
దస్తగిరి వైపు తిరిగాడు.
"రోజూ రేత్రి కాపలా ఉండేది ఈ పిల్లేనా?"
అవునన్నాడు.
"కూలి ఇచ్చారా?"

దస్తగిరి గ్లాసులోకి చూస్తా ఉండిపోయాడు.
ఏడేళ్లలో ఆ మాట అడిగిన నోరు ఇదొక్కటే.
మామ రొంటిన తడుముకున్నాడు, ఏమీ లేదు.
దస్తగిరి కట్టలోంచి ఒక బీడీ లాగి
నా చేతిలో పెట్టాడు.
"ఇప్పటికి ఇది ఉంచు. ఆకు అమ్మినాక లెక్క చూద్దాం."

ఉంచుకున్నాను.
లెక్క నేనూ రాసుకోలేదు.
మళ్లీ శుక్రవారానికి ఆరు రాత్రులు.